ఇంజనుకు ఏ రంగు?

పాత కారును విప్పి బాగుచేయించుకొనువారు పని ముగియవచ్చిన దినమున మేస్త్రీని అడుగు ప్రశ్న ఒకటి కలదు. బోరు చేయించితిమి, పిస్టనులు మార్చితిమి, బేరింగులు వేయించితిమి; ఇక బ్లాకుకు ఏ రంగు వేయుదము? మేస్త్రీ షెడ్డులో మిగిలియున్న డబ్బాను చూపును. యజమాని తన కంటికి ఇంపైన రంగు పేరు చెప్పును. మాట అంతటితో ముగియును. వేలకు వేలు వ్యయపరచిన పనిలో చివరి అరగంట ఇట్లు గడచిపోవును. శ్రోతలకు మేము నేడు మనవి చేయదలచినది ఆ అరగంటను గూర్చియే.

ఏ రంగు అను ప్రశ్నకు ముందు, ఎందుకు రంగు అను ప్రశ్న ఉన్నది. కారు పైభాగమునకు వేయు రంగు పదిమంది చూచుట కొరకు. బానెట్టు క్రింద నుండు ఇంజనును యజమాని, మేస్త్రీ తప్ప చూచువారెవరు? కావున అక్కడి రంగు అలంకారము కాదు, పనిముట్టు. దానికి రెండు పనులు కలవు. ఒకటి, ఇనుమును తుప్పునుండి కాపాడుట. రెండవది, ఇంజనుకు జబ్బు చేసినపుడు ఆ సంగతి మనకు కనబడునట్లు చేయుట. మొదటి దానిని అందరును ఎరుగుదురు. రెండవ దానిని తలచువారు అరుదు. మా దృష్టిలో రెండవదియే ముఖ్యము.

మాట గాలిలో తేలిపోకుండ ఒక ఇంజనును ఎదుట పెట్టుకొందము. అంబాసిడరు కారు తయారీ 2014 లో నిలిచిపోయినను, దానిని ఎరుగని తెలుగు ఇల్లు లేదు. ఆ కారు చిరకాలము మోసిన పెట్రోలు ఇంజను 1489 ఘనపు సెంటీమీటరులది. అది బ్రిటిషు మోటారు కార్పొరేషను వారి 'బి' శ్రేణికి చెందినది. అదే కొలత గల ఇంజను 1955 లో వెలువడిన ఎం.జి.ఎ. అను స్పోర్ట్సు కారులోను ఉండెను. మన పెండ్లి కారుకును ఆ పందెపు గుఱ్ఱమునకును గుండె ఒక్కటే యన్నమాట. బ్లాకు పోత ఇనుము, పైనున్న హెడ్డును పోత ఇనుమే. పోత ఇనుము గరుకుగా నుండును, సన్నని గుంటలు గలిగి మురికిని పట్టి యుంచును, తేమ తగిలినచో ఒక్క రాత్రిలో ఎఱ్ఱబారును. విజయవాడ ఆటోనగరులో ఇట్టి ఇంజనులను విప్పి బిగించగల చేతులు నేటికిని ఉన్నవి.

ఈ ఇంజను ఎక్కడెక్కడ చెమర్చునో చూడుడు. పైన రాకరు మూత క్రింద కార్కు గేస్కెట్టు ఒకటి ఉన్నది. అది ఎండిపోయి కుంచించుకొన్నచో ఆయిలు అంచునుండి దిగును. ప్రక్కన, మానిఫోల్డుల క్రింద, టాపెట్ల గదికి రెండు రేకు మూతలు కలవు. ఆ చోటు చేతికి అందదు, కంటికి ఆనదు. గేస్కెట్టు చెడినచో ఆయిలు నెలల తరబడి నిశ్శబ్దముగా కారును. వెనుక క్రాంకు షాఫ్టు బయటికి వచ్చు చోట రబ్బరు సీలు లేదు; షాఫ్టుమీద చెక్కిన మరవంటి గాడియే ఆయిలును లోనికి మరలించవలెను. బేరింగు అరిగిన కొలదిని ఆ మర తన పనిని సరిగా చేయజాలదు. ఇవిగాక నీటిగదులకు బిగించిన గుండ్రని రేకు మూతలు లోపలినుండి తుప్పుపట్టి, మొదట ఒక తెల్లని చారను, పిదప ఒక బొట్టును, కడపట ధారను విడుచును.

ఇవి అన్నియు మొదట చిన్న మరకలే. మరక కనబడినచో గేస్కెట్టు ఖర్చుతో పోవును. కనబడనిచో ఆయిలు తరిగిపోవును, బేరింగులు పట్టివేయును, చేయించిన బోరు మరల చేయించవలసి వచ్చును. కారిన ఆయిలు కాలుచున్న పొగగొట్టముమీద పడినచో పొగ వచ్చును; పెట్రోలు గొట్టపు ఊట అయినచో పొగతో ఆగదు. టాక్సీ నడుపుకొని బ్రదుకువానికి ఇది ఇంటి పొయ్యికి సంబంధించిన మాట.

కావున మరకను దాచు రంగు మంచిది కాదు, చూపు రంగు మంచిది. నల్లని రంగుమీద నల్లని ఆయిలు కానరాదు. మురికి పట్టినను తెలియదు గదా అని నలుపును కోరువారు కలరు. తెలియకపోవుటయే దాని దోషము. అట్లని తెలుపు కూడ తగదు. సాధారణ ఎనామెలు తెలుపు వేడికి క్రమముగా పసుపు తిరుగును, ఆపైన ఏది మరకయో ఏది పాతబడిన రంగో పోల్చుకొనలేము. లేత బూడిద వన్నె, లేత ఆకుపచ్చ, లేత నీలము ఈ పనికి మేలైనవి. అందును మెఱుపు గల రంగును ఎన్నుకొనవలెను. మెఱుపు లేని గరుకు రంగు కొత్తలో ఎంత గంభీరముగా కనబడినను మురికిని పట్టుకొని విడువదు. మెఱుపు రంగును ఒక గుడ్డతో తుడిచినచో చాలును.

రంగు జబ్బును చూపవలెనంటిమి. దీనికి సరిగా విరుద్ధముగా, జబ్బును దాచుటకే రంగును వాడువారు కలరు. పాత కారు కొనబోవువారు ఈ మాట చెవిని పెట్టుకొనవలెను. పైన పటారము, లోన లొటారము అను సామెత కొన్ని ఇంజనులను చూచియే పుట్టెనా యనిపించును. అమ్మకానికి పెట్టిన కారులో బానెట్టు ఎత్తగనే ఇంజను తళతళలాడుచున్నచో సంతోషించుటకు ముందు దీపము పట్టి చూడవలెను. రంగు రబ్బరు గొట్టములమీద, తీగెలమీద, బిగింపు పట్టీలమీద చిందియున్నదా? గేస్కెట్టు అంచులమీదుగా ఏకముగా పూసియున్నారా? గోటితో గీకినచో రంగు క్రింద ఇనుము వచ్చుచున్నదా, జిడ్డు వచ్చుచున్నదా? విప్పి బాగుచేసిన ఇంజనుకు రంగు విడివిడి భాగములకు పడును; విప్పక కప్పిన ఇంజనుకు అంతటను ఒకే పూత పడును. బ్లాకు ప్రక్కన ఒకచోట మాత్రము ఉబ్బెత్తుగా, నున్నగా ఉన్నచో అక్కడ పగులును మెత్తినారేమో యని శంకింపవలెను. అప్పు చేసి బండి కొనువాడు ఆ కొన్ని నిమిషములు వంగి చూచుటకు సిగ్గుపడకూడదు.

ఇక వేడిమి సంగతి. రంగుల దుకాణములలో ఎక్కువ గందరగోళము ఇక్కడనే జరుగుచున్నది. డబ్బాలమీద 500 అనియు 1200 అనియు పెద్ద అంకెలు ఉండును. ఎక్కువ అంకె గలది ఎక్కువ మంచిదని తలచి కొనువారు పెక్కుమంది. ఆ అంకెలు తరచుగా ఫారెన్‌హీటు డిగ్రీలు. 500 అనగా మన సెంటీగ్రేడులో 260, 1200 అనగా 650 కి దగ్గర. ఇంతకును బ్లాకు ఎంత వేడెక్కును? దాని చుట్టును నీరు తిరుగుచున్నది. నీరు సక్రమముగా తిరుగు ఇంజనులో దాని వేడి 80 నుండి 95 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య నుండును. ఆయిలు దానికన్న కొంత హెచ్చుగా వేడెక్కును. బ్లాకు వెలుపలి గోడ 120 డిగ్రీలు దాటుట అరుదు. అంతకు మించి వేడెక్కిన దినమున మనము చింతింపవలసినది రంగును గూర్చి కాదు.

పొగ వెడలు మానిఫోల్డు సంగతి వేరు. అది కొన్ని వందల డిగ్రీలు వేడెక్కును. బరువు లాగుచు ఘాటు ఎక్కునపుడు చీకటిలో ఎఱ్ఱగా కనబడుటయు కలదు. 1200 అంకె గల రంగు దాని కొరకు పుట్టినది. దానిని బ్లాకుకు వేసినచో హాని ఏమి అని అడుగవచ్చును. హాని కలదు. ఆ రంగులలో పెక్కు సిలికోను రెసినుతో చేసినవి. ఆ రెసిను ఆరుట వేరు, పండుట వేరు. ఒకసారి ఇంచుమించు 200 డిగ్రీల వేడి తగిలిన గాని అది పండి గట్టిపడదు. మానిఫోల్డుమీద ఆ వేడి తనంత తానే దొరకును. బ్లాకుమీద ఎన్నటికిని దొరకదు. అందుచేత బ్లాకుమీద ఆ రంగు పచ్చిగనే ఉండిపోవును. పెట్రోలు చుక్క పడినచో కరగును, గుడ్డతో తుడిచినచో చేతికి వచ్చును. ఎక్కువ వెల పెట్టి తక్కువ పని చేయు వస్తువును కొన్నట్లగును. బ్లాకుకు 150 నుండి 260 డిగ్రీల సెంటీగ్రేడు వరకు తాళగల ఇంజను ఎనామెలు చాలును. హెడ్డులో పొగదారుల చుట్టును ఆ రంగు కొంత గోధుమవన్నె తిరుగవచ్చును. అది సహజము, దోషము కాదు.

నలుపు వేడిని బయటికి పంపును గనుక ఇంజను చల్లగా ఉండునని ఒక నమ్మకము కలదు. ఎండలో నల్లని వస్త్రము వేడెక్కుట చూచి కలిగిన ఊహ ఇది. ఎండలోని వెలుగు వేరు, వంద డిగ్రీల ఇనుము వెడలించు కంటికి కానరాని కిరణములు వేరు. ఆ కిరణముల విషయములో ఎఱుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు, సాధారణమైన రంగులన్నియు ఇంచుమించు ఒక్కటియే. లోహపు పొడి కలిపిన వెండి రంగు మాత్రము కొంత తక్కువగా వెడలించును. ఆ భేదము కూడ నీటితో చల్లబడు ఇంజనుకు లెక్కలోనిది కాదు; వేడిని మోసికొనిపోవు పని రేడియేటరుది. రంగు పొర అడ్డుపడునన్న భయము కూడ అట్టిదే. రెండు చేతుల పూత కలిసి 50 మైక్రానులు, అనగా ఒక వెండ్రుక మందమునకు మించదు. అడ్డుపడునది అంగుళము మందమున పేరుకొన్న ఆయిలు మట్టి.

ఏ జాతి రంగు అన్నచో, దుకాణములో దొరకు వానిని మూడు తెగలుగా చెప్పవచ్చును. నైట్రోసెల్యులోజు లక్కరు త్వరగా ఆరును, అందముగా ఉండును; కాని పెట్రోలుకు మెత్తబడును. 1923 లో డూకో అను పేరుతో అది అమెరికాలో కార్ల పైపూతకు వచ్చి గొప్ప మార్పును తెచ్చినమాట నిజమే. బానెట్టు పైన దానికి ఉన్న గౌరవము బానెట్టు క్రింద చెల్లదు. ఆల్కిడు ఎనామెలు నిదానముగా ఆరును, ఆయిలుకు ఓర్చును, కుంచెతో కూడ పూయవచ్చును, వెల తక్కువ. సామాన్యునికి ఇదియే తగినదని మా అభిప్రాయము. రెండు డబ్బాలు కలిపి పూయు ఎపాక్సీ, పాలీయురేథేను రంగులు అన్నిటికన్న గట్టివి. ఎపాక్సీ ఎండకు సుద్దవలె పొడిబారును గాని, బానెట్టు క్రింద ఎండ ఎక్కడిది? అయితే రెండు డబ్బాల పాలీయురేథేనులో ఐసోసైనేటు అను రసాయనము ఉన్నది. దానిని గన్నుతో కొట్టునపుడు లేచు పొగమంచు ఊపిరితిత్తులలో చేరి, తిరిగి పోని ఉబ్బసమును తెచ్చిపెట్టగలదు. ముఖమునకు రుమాలు కట్టుకొన్నంత మాత్రమున అది ఆగదు. బయటినుండి స్వచ్ఛమైన గాలి నందించు ముసుగు కావలెను. అట్టి సాధనము లేని షెడ్డులో ఆ రంగును వేయుమని కోరుట, ఒక ఇంజను మెఱుపు కొరకు ఒక కుఱ్ఱవాని ఊపిరిని అడుగుట. బ్రేకు ఆయిలు మాత్రము ఏ ఎనామెలునైనను ఊడదీయును. పడిన వెంటనే నీటితో కడుగవలెను.

రంగు ఎంత మంచిదైనను జిడ్డుమీద నిలువదు. పని అంతయు ఇక్కడనే ఉన్నది. మన షెడ్లలో బ్లాకును కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, రంగు కొట్టుట పరిపాటి. కిరసనాయిలు మట్టిని తీయును గాని తానొక పలుచని జిడ్డు పొరను విడిచిపోవును. ఆరు నెలలకు పొలుసులు లేచినచో రంగును నిందింతురు. కిరసనాయిలు తరువాత సబ్బు కలిపిన వేడినీరు, ఆపైన తీగెల కుంచె, కడపట శుభ్రమైన గుడ్డతో థిన్నరు తుడుపు, ఇంత జరుగవలెను. పెట్రోలుతో కడుగు అలవాటు ప్రాణాపాయకరము. దాని ఆవిరి నేలమీద ప్రాకి దూరపు నిప్పును వెదకుకొనును. కాస్టిక్ సోడా తొట్టిలో ముంచుట ఇనుమునకు చెల్లును. అదే తొట్టిలో అల్యూమినియము భాగము వేసినచో అది నురగ లెత్తి కరగిపోవును. ఆ నురగ హైడ్రోజను, మండు వాయువు. ఇటీవలి కార్లలో పెక్కింటికి బ్లాకే అల్యూమినియముతో నున్నది. వానికి మా సలహా, రంగు అసలు వేయకుండుట. ఆ లోహము తన్ను తానే కాపాడుకొనును, రంగు దానిమీద తేలికగా నిలువదు.

శుభ్రమైన బ్లాకు చేతిలో నున్నపుడు, రంగుకు ముందు, ఒక పాత పరీక్ష చేయదగును. శంక గల చోట కిరసనాయిలు రాచి, కొంతసేపు ఉంచి, పొడిగా తుడిచి, సుద్దను నీటిలో కలిపి పూయవలెను. సుద్ద ఆరిన పిమ్మట పగులు ఉన్నచో అందులో దాగిన కిరసనాయిలు ఊరి, తెలుపుమీద సన్నని గీతగా బయటపడును. ఈ తరుణము దాటినచో పగులును రంగు తన క్రింద దాచుకొనును.

కడిగిన ఇనుమును రేపటికి ఉంచకూడదు. విశాఖపట్నము, కాకినాడ వంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉదయము తోమిన బ్లాకు సాయంకాలమునకే ఎఱ్ఱని పొడి తొడుగుకొనును. ముసురు పట్టిన దినమున ఈ పని పెట్టుకొనకుండుటయే మేలు. ప్రైమరు పలుచగా ఒక చేయి చాలును. జింకు ఫాస్ఫేటు ప్రైమరు దొరకినచో దానిని కొనవలెను. పసుపువన్నె జింకు క్రోమేటును ఒకప్పుడు విరివిగా వాడిరి. దానిలోని క్రోమేటు కాన్సరు కారకమని తేలినది గనుక దాని జోలికి పోరాదు. పిదప రంగు రెండు చేతులు, మొదటిది పలుచగా, రెండవది నిండుగా. మూడవ చేయి ఆశ. మందమైన పొర అంచులలో పగిలి ఊడును.

రంగు తగులకూడని చోట్లను కాగితముతో, అంటుపట్టీతో కప్పవలెను. గేస్కెట్టు ముఖములు, మరలు, ప్లగ్గుల రంధ్రములు అందరును కప్పుదురు. మరచునది బాటరీ నుండి వచ్చు భూమి తీగె బిగించు చోటు. అక్కడ రంగు పడినచో కరెంటుకు దారి ఇరుకగును, స్టార్టరు మూలుగును, బాటరీ పోయినదని కొత్తది కొందురు. ఇంజను సంఖ్య చెక్కిన చోటును కూడ రంగుతో పూడ్చరాదు. రిజిస్ట్రేషను పత్రములో ఇంజను రంగు వ్రాయబడదు గాని సంఖ్య వ్రాయబడును. తనిఖీ దినమున అది చదువ వీలుగా ఉండవలెను.

బ్లాకు లోపల కూడ రంగు వేయింపవలెనా యని కొందరు అడుగుదురు. గ్లిప్టాల్ అను ఎఱ్ఱని ఆల్కిడు పూతను క్రాంకు గది గోడలకు వేయు అలవాటు పందెపు ఇంజనులు కట్టువారిలో ఉన్నది. పోతలో మిగిలిన ఇసుకను అది అణచియుంచును, ఆయిలును త్వరగా క్రిందికి జార్చునని వారి వాదము. వారు నెలకొకసారి ఇంజను విప్పుదురు. మనము పది సంవత్సరములకు ఒకసారి విప్పుదుము. లోపల ఒక్క పొలుసు లేచి ఆయిలు జల్లెడకు అడ్డుపడినచో ఏమగునో చెప్పనక్కరలేదు. వద్దనియే మా మాట.

ఇక సంప్రదాయము. ఏ కర్మాగారము వారి రంగు వారిది. అమెరికాలో షెవ్రొలే వారి వి-8 ఇంజనులకు నారింజ రంగు పేరుపడినది. ఫోర్డువారు అంతకు ముందు ఇంజనునుబట్టి వేర్వేరు రంగులు వాడుచు, 1966 నుండి అన్నిటికిని నీలమును స్థిరపరచిరి. మన పొలములలో నీరు తోడు ఆయిలు ఇంజనులలో పెక్కింటికి ముదురు ఆకుపచ్చ రంగు. అభిమానులు ఆ వన్నెలను వెదకి వేయించుకొనుట ముచ్చటయే. 2021 లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, తొలి రూపములో నిలిచియున్న వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయించుకొనవచ్చును. అట్టి కారు గలవారు తొలి రంగునే వేయించుట న్యాయము. అది నలుపైనను సరే, వారు కారును తిప్పుట తక్కువ, తుడుచుట ఎక్కువ. దినదినము బండి తిప్పి బ్రదుకువారు మాత్రము కర్మాగారపు వన్నెకు కట్టుబడనక్కరలేదు.

రంగు ఆరినదని అదే సాయంకాలము ఇంజనును బిగించి పరుగెత్తింపరాదు. ఆల్కిడు ఎనామెలు చేతికి అంటకుండుట గంటల పని, పెట్రోలుకు ఓర్చునట్లు గట్టిపడుట ఇంచుమించు వారము పని. ఆ తరువాత మొదటిసారి ఇంజనును కొద్దిసేపు నడపి చల్లారనిచ్చి, రెండవసారి ఇంకను కొంతసేపు నడపవలెను. కొత్త రంగు వాసన, పలుచని పొగ వచ్చుట సహజము. నెల గడచిన పిమ్మట బ్లాకును శుభ్రముగా తుడిచి, ఆరిన తరువాత, ముఖమునకు వాడు పౌడరును పలుచగా చల్లి, అరగంట నడపి ఆపి, దీపము పట్టి చూడుడు. పొడిమీద తడి గీత కనబడినచో దాని క్రింది కొనను కాక పై కొనను వెదకుడు. ఆయిలు క్రిందికి కారును, బండి నడచునపుడు గాలికి వెనుకకు ప్రాకును. కావున ఊట ఉన్న చోటు తడి అంతటిలోను పైనను, ముందునను ఉండును. మార్చవలసిన గేస్కెట్టు అదియే.